పిడికెడు బియ్యం, పది రూపాయలు

మా అమ్మ వంటింటిలో బియ్యపు డబ్బా ప్రక్కన ఒక చిన్న మట్టికుండ ఉండేది. ఎసరు పెట్టిన ప్రతిసారీ కొలిచిన గింజలలో నుండి ఒక పిడికెడు తీసి అమ్మ ఆ కుండలో వేసేది. వరి అన్నం మాకు పండుగలకే దొరికే రోజులవి. జొన్నలు వండిన పూట జొన్నలే వేసేది. “మనకే చాలడం లేదు గదమ్మా” అని నేనంటే, “మనకు తగ్గేది పిడికెడే పాపా, అక్కడ చేరేది గంపెడు” అనేది. ఆదివారం స్త్రీల సమాజం వారు అన్ని కుండలనూ ఒకే గంపలో కుమ్మరించేవారు. ఎవరి పిడికెడు ఏదో ఎవరికీ తెలియదు. ఆ గంప ఏ ఇంటికి వెళ్లిందో ఇద్దరు పెద్దలకు తప్ప మరెవరికీ తెలియదు.

పాఠశాలలో ఉద్యోగ విరమణ చేసిన తరువాత మా సంఘ స్త్రీల సమాజానికి నేను కార్యదర్శినయ్యాను. అప్పటికి కుండలు పోయాయి, చేతిలోకి ఫోనులు వచ్చాయి. 2016లో యు.పి.ఐ. వచ్చిన తరువాత పది రూపాయలు పంపడం కూడా సులువైంది. వెనుకటి రోజులలో మనియార్డరు చేస్తే ఇరవై రూపాయలకు ఒక రూపాయి కమీషను పోయేది. పది రూపాయల కానుక పంపాలంటే మనిషికి సిగ్గు వేసేది. ఇప్పుడు ఆ సిగ్గు లేదు. పాలు పోసే సహోదరి కూడా పది రూపాయలు పంపగలదు.

మన అనంతపురం సీమలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల వాన. అదీ అదనుకు రాదు. వేరుశనగ ఊడలు దిగే సమయంలో వాన మొగం చాటేస్తే కాయ పట్టదు, అప్పు మిగులుతుంది. 2021లో అలాంటి ఒక ఇంటి బిడ్డకు నర్సింగు చదువు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. తండ్రి లేడు. కట్టవలసిన ఫీజు 38,000 రూపాయలు.

నేను వారింటికి వెళ్లి, గడప దగ్గర తల్లీ కూతుళ్లను నిలబెట్టి ఫొటో తీశాను. ముఖం కనబడితేనే మనసు కరుగుతుందని ఎవరో చెప్పగా విన్నాను. పేరు, ఊరు, కష్టం అన్నీ వ్రాసి వాట్సాప్‌లోను ఫేస్‌బుక్‌లోను పెట్టాను. తొమ్మిది రోజులలో 41,300 రూపాయలు వచ్చాయి. బెంగళూరులో కట్టడం పనికి వెళ్లిన మనవాళ్లు పంపారు. హైదరాబాదు నుండి వచ్చింది. అందులో పది, ఇరవై రూపాయల కానుకలే ఎక్కువ. దేవుని స్తుతించి, ఫీజు కట్టి, రసీదు తీసుకుని, పని అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. రెండేళ్ల తరువాత ఆ తల్లి మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఆసుపత్రిలో పాప డ్యూటీలో ఉండగా ఒక రోగి బంధువు తన ఫోనులో ఆ ఫొటో చూపించి, “ఇది నువ్వే కదా, ఇంకా వసూలు చేస్తూనే ఉన్నారా?” అని నలుగురిలో అడిగాడట. నేను పెట్టిన ఆ కబురు చేతులు మారుతూ ఇంకా తిరుగుతూనే ఉంది. అవసరం తీరిందని నేను ఎక్కడా వ్రాయలేదు.

“ఇచ్చినోళ్ల మేలు మరిచిపోం టీచరమ్మా. ఆ ఫొటో పెట్టే ముందు పాపను ఒక మాట అడిగింటే బాగుండు” అన్నది ఆమె.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమ్మ గంపలో ఎవరి ముఖమూ కనబడలేదు గదా! ఆ బిడ్డకు ఫీజు కట్టించాను, కాని ఆమె ముఖాన్ని ఊరూరా త్రిప్పాను. మరునాడు వెళ్లి ఇద్దరినీ క్షమించమని అడిగాను.

చిన్న కానుకల బలం మన జిల్లాకు క్రొత్త కాదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ గారు అనంతపురంలో ప్రారంభించిన గ్రామీణాభివృద్ధి సంస్థకు, అనగా మనమందరం ఆర్.డి.టి. అని పిలిచే సంస్థకు, వెన్నెముకగా నిలిచినవారు స్పెయిన్ దేశపు సామాన్య కుటుంబాలవారు. నెలనెలా వారు పంపిన కొద్దిపాటి సొమ్ముతో ఇక్కడ బడులు, ఇండ్లు, బత్తలపల్లి ఆసుపత్రి లేచాయి. ఫెర్రర్ గారు 2009లో కన్నుమూశారు. తరువాతి కాలంలో మన పల్లెవాసులే తమ ఇండ్లలో హుండీలు పెట్టుకొని చిల్లర వేయసాగారు. పుచ్చుకొన్న చేయి ఇచ్చే చేయి కావడం అంటే ఇదే.

అపొస్తలుడైన పౌలు కూడా యెరూషలేములోని బీదల కొరకు చందా ప్రోగు చేశాడు. వారానికొకసారి ఎవరి శక్తి కొలది వారు దాచిపెట్టుమని కొరింథీయులకు చెప్పాడు. ఆ సొమ్మును గూర్చి ఎవరూ తప్పు పట్టకుండునట్లు తీతుతో పాటు సంఘములు నమ్మిన సహోదరులను కూడా పంపాడు. అంత గొప్ప దైవజనునికే సాక్షులు అవసరమైతే, మనకెంత అవసరము!

అప్పటి నుండి మేము కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాము. ఎవరి కొరకు అడుగుతున్నామో వారి సమ్మతి లేకుండా ఒక్క అక్షరమూ వ్రాయము. ముఖం చూపము, ఇంటి పేరు వ్రాయము. రసీదు మాత్రం చూపిస్తాము. ఎంత కావాలో, ఏ తేదీ వరకో ముందే చెబుతాము. ఆ మొత్తం చేరిన రోజున “చాలును, ఇక పంపకండి” అని తెలియజేస్తాము. సొమ్ము ఒకరి సొంత ఖాతాలోకి కాక, ఇద్దరు సంతకం చేసే సమాజపు ఖాతాలోకే వస్తుంది. విదేశీయుల నుండి తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం క్రింద అనుమతి ఉండాలి. మాకది లేదు గనుక అడుగము. నెలాఖరున జమాఖర్చు గోడమీద అంటిస్తాము.

ముఖం చూపకపోతే సొమ్ము తక్కువ వస్తుందని కొందరన్నారు. నిజమే, కొంత తగ్గింది. మునుపు తొమ్మిది రోజులలో చేరినది ఇప్పుడు నెల పడుతున్నది. అయినా సహాయం పొందిన వారు ఆరాధనకు తలెత్తుకొని వస్తున్నారు.

ఆ పాప ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నది. ప్రతి నెలా మొదటి వారంలో మా ఖాతాకు ఆమె వద్ద నుండి నూరు రూపాయలు వస్తాయి. తన పేరు వ్రాయవద్దని మొదటి నెలలోనే అడిగింది. అందుకే గోడమీది కాగితంలో “ఒక సహోదరి – 100” అని మాత్రమే ఉంటుంది.

ప్రియ పాఠకులారా, రేపు మీ ఫోనులో ఎవరికొరకైనా సహాయం అడగబోయే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ గడప దగ్గర నిలబడినది మీ బిడ్డే అయితే ఆ ఫొటో పెట్టేవారా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకున్న తరువాతే వ్రేలు నొక్కండి.