వెంకమ్మగారి మురిపెం

లేని గొప్ప ఒలకబోసేవాళ్ల మాట వస్తే మనకి ముందు గుర్తొచ్చేది గిరీశమే కదండీ. అతనున్న గురజాడవారి ‘కన్యాశుల్కం’ నాటకం విజయనగరంలో 1892లో ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో బాగా పెంచి తిరగరాశారు. ఇన్నేళ్లయినా గిరీశం ముసలివాడు కాలేదు.

గిరీశం తన శిష్యుడితో ఇంగ్లీషులో మాట్లాడే ఘట్టం గుర్తుందా? కొడుకు ఇంగ్లీషు వినాలని ఆ శిష్యుడి తల్లి వెంకమ్మ ముచ్చటపడుతుంది. గురుశిష్యులిద్దరూ బళ్లో బట్టీపట్టిన పాఠం ముక్కలే సంభాషణలా ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. ఆ తల్లి పొంగిపోతుంది. జనం పగలబడి నవ్వేది అక్కడే. నాకు మాత్రం ఆవిడ మొహమే కళ్లముందు నిలుస్తుంది. డాబు తెలిసినవాళ్ల దగ్గర చెల్లదండీ. మనల్ని నమ్మినవాళ్ల మీదే దాని ప్రతాపమంతా.

మొన్న ఒక పెళ్లిలో బంతిలో నా పక్కన ఓ కుర్రాడు కూర్చున్నాడు. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు. ఇలాంటివి తినడం మానేశానంటూ గోంగూర పచ్చడి విస్తరి చివరికి నెట్టేశాడు. స్నేహితులతో అంతా ఇంగ్లీషే. వడ్డన చూసుకుంటున్న నాయనమ్మ వంగి, “ఏమంటున్నావు నాన్నా?” అంది. “నీకు తెలీదులే” అన్నాడు, తలెత్తకుండానే. ఆవిడ చిన్నబుచ్చుకోలేదు. పక్కావిడతో, “మావాడు దొరల్లా మాట్లాడతాడు” అని మురిసిపోయింది. నాకు ముద్ద దిగలేదు.

అలాగని వేషం కట్టడమే తప్పంటానా? అనను. ఆ నాటకంలోనే ముసలి లుబ్ధావధాన్లుతో వెంకమ్మ చిన్నకూతురు సుబ్బి పెళ్లి తప్పించడానికి ఆమె మేనమామ కరటకశాస్త్రి శిష్యుడు ఆడపిల్ల వేషం కట్టాడు. ఆ అవధాన్లునే చెయ్యని హత్యానేరం నుంచి బయటపడెయ్యడానికి సాని మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులుగారింటికి వెళ్లింది. సానివాళ్ల పొడే గిట్టని మనిషి ఆయన. ఆ ఇద్దరి వేషాలూ ఇంకొకరి బతుకు నిలబెట్టాయి. అందుకే వాళ్లమీద మనకి కోపం రాదు, పైగా దొరికిపోతారేమోనని బెంగపడతాం. గిరీశం మాత్రం సంఘసంస్కర్త వేషం వేసి వెంకమ్మ పెద్దకూతురు, అభం శుభం తెలియని వితంతువు బుచ్చమ్మను ఇల్లు దాటించాడు. వితంతు వివాహమనే మంచి మాటని తన అవసరానికి వాడుకున్నాడే, దాన్ని నేను క్షమించలేను.

చివరికి అతని బండారం మధురవాణి బయటపెడుతుంది. బుచ్చమ్మను పూనాలోని విడోస్ హోముకి పంపే ఏర్పాటు జరుగుతుంది. చూసేవాళ్లు గిరీశం తెల్లమొహం చూసి చప్పట్లు కొడతారు. నా సంతోషమంతా బుచ్చమ్మ గురించేనండీ. అక్కడ ఎవరి కబుర్లూ నమ్మక్కర్లేకుండా తనే చదువుకుంటుంది.