వంటింట్లో వడగాడ్పు

మీ ఇంట్లో ఓవెన్ ఉందా? ఉంటే ఒక్కసారి వెళ్లి లోపల ఏముందో చూసి రండి. నేనిక్కడే ఉంటాను.

ఏం కనపడింది? నిన్నటి బ్రెడ్డా? బిస్కెట్ ప్యాకెట్లా? సిగ్గుపడకండి. మా అమ్మాయి కొన్న కన్వెక్షన్ ఓవెన్ మూడేళ్లపాటు మా విజయవాడ వంటింట్లో నెత్తిన క్రోషా గుడ్డ కప్పుకుని, కడుపులో అప్పడాల డబ్బా పెట్టుకుని కాలక్షేపం చేసింది. ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్తూ, "కేకులకే కాదమ్మా, రోజూ వాడుకో" అని చెప్పిపోయింది పిల్ల. నేను వాడింది పాలు వెచ్చబెట్టుకోడానికే. దానికి మైక్రోవేవ్ మీట చాలు. పక్కనున్న ఫ్యాన్ బొమ్మ మీట జోలికే పోలేదు.

ఆ మీట విలువ నాకు తెలియజెప్పింది కరివేపాకు. ఓసారి పొడి కొట్టుకుందామని రెండు గుప్పిళ్లు కడిగి ఆరబెట్టి, పళ్లెంలో పరిచి 100 డిగ్రీల మీద పెట్టాను. కాసేపాగి అద్దంలోంచి చూద్దును కదా, లోపల సుడిగాలి! తడారి తేలికపడిన ఆకులు పళ్లెంలోంచి లేచి గిర్రున తిరుగుతున్నాయి. సగం ఆకు గోడలకతుక్కుపోయింది. ఇప్పుడైతే పైన స్టీలు జల్లెడ బోర్లిస్తాను గానీ, ఆ రోజు మాత్రం నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. ఇందులో గాలి ఉందన్నమాట!

గాలుంటే ఏమిటంటారా? బెజవాడ మే నెల తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అదే ఎండ, అదే డిగ్రీలు. గాలి కదలకుండా ఉంటే ఉక్కపోస్తుంది, అంతే. వడగాడ్పు కొట్టిందా, మొహం చుర్రుమంటుంది, పెదాలు పేలిపోతాయి. ఏ వస్తువు చుట్టూ అయినా ఎప్పుడూ ఓ పల్చటి గాలిపొర దుప్పటిలా పట్టుకుని ఉంటుంది. గాలి వీస్తే ఆ దుప్పటి ఎగిరిపోతుంది, వేడి నేరుగా తగులుతుంది, తడి లాగేస్తుంది. ఓవెన్ చేసే పనీ ఇదే. కాయిల్ గాలిని వేడిచేస్తుంది, ఫ్యాన్ దాన్ని తిప్పుతుంది. అందుకే వంటల పుస్తకంలో మామూలు ఓవెన్‌కి 200 డిగ్రీలని రాసి ఉంటే, ఫ్యాన్ ఉన్నదాంట్లో 180 చాలు. మైక్రోవేవ్ దారి వేరు. అది కూరలో ఉన్న నీటిని కదిలించి వేడెక్కిస్తుంది. ముక్క ఉడుకుతుంది గానీ వేగదు.

ఇది అర్థమయ్యాక నాకు వంటలు వెతుక్కోవాల్సిన పని తప్పింది. వడగాడ్పులో పెడితే బాగుపడేవేవి? తడీ జిగటా వదలాల్సినవి. మొదట గుర్తొచ్చింది బెండకాయ.

అరకిలో కాయలు కడిగి, గుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి, చక్రాలుగా తరుగుతాను. రెండు చెంచాల నూనె పట్టించి పళ్లేనికి ఒక్క వరసే పరుస్తాను. ఈ ఒక్క వరస దగ్గరే ఎవరైనా తప్పు చేసేది. కుప్పపోస్తే గాలి దూరదు, ముక్కలు తమ ఆవిరికి తామే ఉడుకుతాయి. ఒక్క పళ్లెం పట్టకపోతే రెండు వాయిలు. ముందే వేడెక్కించిన ఓవెన్లో 180 మీద ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. మధ్యలో ఒకసారి తీసి కలపాలి. ఉప్పు మాత్రం ఆఖర్నే, ముందేస్తే నీరు దిగుతుంది. అంచులు ముడుచుకుని, గింజ దగ్గర కాస్త ఎర్రబడ్డాక బయటికి తీసి వెల్లుల్లి కారం చల్లడమే. మూకుడు దగ్గర అట్లకాడ పట్టుకుని నిలబడే పనిలేదు. ఆ ఇరవై నిమిషాలూ నేను హాల్లో ఫ్యాన్ కింద ఉంటాను.

వంకాయ నాకో పాఠం నేర్పింది. గాట్లు పెట్టకుండా 200 మీద పెట్టేసి టీవీ ముందు కూర్చున్నాను. ఢామ్మని చప్పుడు. వెళ్లి చూస్తే పచ్చడి ఓవెన్ గోడలకి తయారై ఉంది. నాలుగు గాట్లు పెట్టుంటే లోపలి ఆవిరి దారి చూసుకునేది. ఇప్పుడు నలభై నిమిషాల్లో గుజ్జు వెన్నలా వస్తోంది. కానీ ఉన్నమాట చెప్పాలిగా, నిప్పుల మీద కాల్చిన ఆ పొగవాసన రాదు. అందుకని తీశాక గ్యాస్ మంట మీద రెండు నిమిషాలు తిప్పుతాను. మా ఆయన కనిపెట్టలేదు. అత్తయ్యగారు మాత్రం మొదటి ముద్దకే కనిపెట్టేశారు.

అత్తయ్యగారికి ఓవెన్ మీద గురి కుదిరింది చిలగడదుంపతో. కుక్కర్లో ఉడికించినవి నీరు పీల్చి చప్పబడతాయి. ఓవెన్లో 190 మీద తొక్కతో ముప్పావుగంట పెడితే తొక్క పగిలి బెల్లంపాకంలాంటి జిగురు కారుతుంది. దుంపలోని పిండి తీపిగా మారాలంటే వేడి నిదానంగా ఎక్కాలి. "మేం పొయ్యి బూడిదలో పెట్టి మర్చిపోయేవాళ్లం, దీనికేమో గంట కొడుతుందా!" అన్నారావిడ, రెండో దుంప ఒలుచుకుంటూ. ఆ వెంటనే దిబ్బరొట్టె అడిగారు. కింద కుంపటి, మూత మీద నిప్పులు పెట్టి కాల్చినవాళ్లకి ఇది కొత్తేం కాదు. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల బియ్యపురవ్వ కలిపిన పిండి. నూనె రాసిన ఇనప మూకుడు ఓవెన్లోనే కాగనిచ్చి, అందులో పిండి పోస్తే అడుగు కరకరలాడుతుంది. కన్వెక్షన్ మీట మీద ఇనుమూ స్టీలూ పెట్టొచ్చు. మైక్రోవేవ్ మీట మీద మాత్రం పెట్టకండి, నిప్పురవ్వలు లేస్తాయి.

అలాగని పప్పూ పులుసూ తీసుకెళ్లి ఇందులో పెట్టకండి. నీళ్లతో ఉడికేవాటికి కుక్కరే దిక్కు. తాలింపుకి గరిటె, మంట, చిటపట ఉండాల్సిందే. ఇక కరెంటు. రెండు వేల వాట్ల ఓవెన్ గంటసేపు ఏకధాటిగా కాలితే రెండు యూనిట్లు. వేడి చాలినప్పుడల్లా అదే ఆగుతుంది కాబట్టి అంత కాదు. అయినా గుప్పెడు పల్లీల కోసం వెలిగిస్తే దండగే. అందుకే నేను వరసగా పెడతాను. ముందు దుంపలు, తర్వాత బెండకాయ, చివర పల్లీలు. ప్లగ్గు మాత్రం 15 యాంపులదే వాడండి.

మొన్న ముసురు పట్టిన రోజు అలాగే అన్నీ అయిపోయాక ఓవెన్ ఆపేసి బట్టలు మడతపెట్టుకుంటున్నాను. వంటింట్లో ఏదో అలికిడైంది. చూస్తే అత్తయ్యగారు. మెత్తబడిపోయిన జంతికలు పళ్లెంలో పోసి ఓవెన్లోకి తోసి, తలుపు వేస్తున్నారు.

"ఆపేశానండీ అది" అన్నాను.

"తెలుసమ్మా. పొయ్యి ఆరినా వేడుంటుందిగా, ఊరికే పోనివ్వడం దేనికి?" అన్నారు.

పావుగంటయ్యాక జంతిక విరిస్తే ఆ చప్పుడు హాల్లోకి వినపడింది.