బుల్లెట్ బరువు

మేము ముగ్గురం టీచర్లం కలిసి వాడుకునే బండి పాత బుల్లెట్ 350. పోత ఇనుము ఇంజను, 346 సీసీ, కుడికాలి కింద నాలుగు గేర్లు. శక్తి 18 హార్స్ పవర్. బండి ఒక్కటే సుమారు 165 కిలోలు. మైదానంలో ఆ బరువు బండిని నిలకడగా ఉంచుతుంది. పాడేరు ఘాట్ ఎక్కేటప్పుడు, అందులోనూ వానాకాలం మట్టి దారిలో మా ఊళ్ళకు తిరిగేటప్పుడు, అదే బరువు మోసేవాడికి తెలుస్తుంది.

మాకంటే ముందు ఈ బండిని వాడిన ఆసామి దానికి చాలా నగలు తొడిగాడు. ముందు పెద్ద లెగ్ గార్డు, వెనక రెండు వైపులా ఇనప డిక్కీలు, వాటి మీద ఇనప క్యారియరు. వాటిని విప్పి సంతలో పసుపు తూచే కాటా మీద పెట్టాం. షావుకారు నవ్వాడు గానీ తూచి ఇచ్చాడు. లెగ్ గార్డు 5 కిలోలు, డిక్కీలు చట్రాలతో కలిపి 9, క్యారియరు 3. మొత్తం 17 కిలోలు. పుస్తకాలకూ గుడ్ల అట్టలకూ మాకు ఒక గోనె సంచి, ఒక తాడు చాలు.

ఈ 17 కిలోలు తీసేస్తే ఏం కలిసి వస్తుందో సాయంత్రాలు మా దగ్గర చదువుకునే తొమ్మిదో తరగతి పిల్లల చేత లెక్క కట్టించాం. నడిపేవాళ్ళు 65, వెనక కూర్చున్నవాళ్ళు 60, బండి 182. అంతా 307 కిలోలు. 17 పోతే 290. అంటే నూటికి ఐదున్నర వంతు తగ్గింది. కొండ 800 మీటర్లు ఎక్కాలనుకుంటే ఆ 17 కిలోలను పైకి మోయడానికి పట్టే శక్తి 17 × 9.8 × 800, అంటే 1,33,280 జౌళ్ళు. సంఖ్య చూసి పిల్లలు అబ్బో అన్నారు. లీటరు పెట్రోలులో సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్ళు ఉంటాయి, ఇంజను అందులో ఐదో వంతే చక్రానికి ఇస్తుందనుకోండి అని చెప్పాం. మళ్ళీ లెక్క వేశారు. మిగిలే పెట్రోలు ఇరవై మిల్లీలీటర్లు! దగ్గు మందు మూతలతో రెండు మూతలు.

మరి లాభం ఏదీ అంటే, అది పెట్రోలు బంకు దగ్గర కనపడేది కాదు. డిక్కీల బరువంతా వెనక ఇరుసుకు కూడా వెనక, ఎత్తులో ఉండేది. నిటారు మలుపులో ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ మాట వినేది కాదు. కావిడి మోసిన మనవాళ్ళకు ఇది పుస్తకంలో చదవక్కర్లేదు. రెండు కిలోలు ఉట్టిలో సర్దిన చోటు మారితే భుజానికి ఎంత తేడానో వాళ్ళకు తెలుసు. ఇప్పుడు మొదటి గేరుకు దిగకుండా రెండో గేరులోనే తిరిగే మలుపులు కొన్ని పెరిగాయి. దిగేటప్పుడు బ్రేకుకు పని తగ్గింది. బురదలో పడుకున్న బండిని ఒక్కరమే లేపగలుగుతున్నాం. మా మటుకు ఈ చివరిదే పెద్ద లాభం.

ఇది చూసి మన కుర్రాళ్ళకు ఉత్సాహం వచ్చింది. మా దగ్గర చదువుకుని ఐటీఐ చేసిన ఒక అబ్బాయి ఒకరోజు స్పానర్లతో వచ్చాడు. "మాస్టారూ, శారీ గార్డు, వెనక ఫుట్‌రెస్టులు, మడ్‌గార్డు, సైలెన్సరు కూడా తీసేద్దామండి. ఇంకో పది కిలోలు పోతాయి" అన్నాడు. పోటీల బండ్లకు అలాగే తీస్తారని ఫోనులో చూశాడట.

అతను చెప్పింది అబద్ధం కాదు. స్కాట్లాండు కొండల్లో జరిగే ఆరు రోజుల పోటీని 1952లో జానీ బ్రిట్టెన్ గెలిచింది బుల్లెట్ మీదే. రాళ్ళ మీద, వాగుల్లో నడిపే అలాంటి పోటీలకు బండిని వీలైనంత తేలిక చేస్తారు. "కానీ బాబూ, ఆ బండి వెనక ఎవరు కూర్చుంటారు?" అని అడిగాం. అతను కాసేపు మాట్లాడలేదు.

మన బండి వెనక కూర్చునేది నెలలు నిండిన అక్క. జ్వరం పిల్లను ఒళ్ళో పెట్టుకున్న తల్లి. డోలీలో రోడ్డు దాకా మోసి తెచ్చిన అవ్వ. వాళ్ళు ఒక పక్కకు తిరిగి కూర్చుంటారు, చీర కొంగు ఎటు పోతుందో చూసుకునే స్థితిలో ఉండరు. పొరుగు ఊళ్ళో శారీ గార్డు తీసేసిన బండి మీద సంత నుంచి వస్తున్న ఒక అవ్వకు కొంగు చక్రంలో చుట్టుకుంది. ఎదురొమ్ము దగ్గర ఎముక విరిగింది. బతికింది. కావిడి భుజాన పెట్టడం మాత్రం అంతటితో ఆగిపోయింది. ఆ గార్డు బరువు ఒక కిలోకు అటూ ఇటూ ఉంటుందేమో.

చట్టం కూడా ఇదే చెబుతుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది చూడండి. వెనక కూర్చునేవాళ్ళకు పట్టుకునే పిడి, కాళ్ళకు ఆధారం, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు ఉండాలి. ఇక సైలెన్సరు ఊడదీస్తే గాలీ పెట్రోలూ కలిసే పాళ్ళు తప్పి, ఇంజను వేడెక్కి, లాగుడు పెరగకపోగా తగ్గవచ్చు. మోత పెరగడం చూసి బలం పెరిగిందనుకుంటారు.

లాగుడే కావాలంటే వేరే దారి ఉందని ఆ అబ్బాయికే చెప్పాం. ఇంజను వైపు చైన్ స్ప్రాకెట్‌లో ఒక పన్ను తగ్గించు. పదహారు పళ్ళది పదిహేను చేస్తే చక్రం దగ్గర లాగుడు సుమారు నూటికి ఆరున్నర వంతులు పెరుగుతుంది, అంటే 17 కిలోలు తీసినదాని కంటే కాస్త ఎక్కువే. పై వేగం తగ్గుతుంది, మైదానంలో ఇంజను ఎక్కువ తిరుగుతుంది. మన దారుల్లో పై వేగంతో ఏం పని? అతను ఇప్పుడు దాని లెక్కలోనే ఉన్నాడు, పాత చైను కొలిచి వెళ్ళాడు.

విప్పిన ఇనుమును సంతలో పాత సామాన్లవాడికి అమ్మేశాం. ఆ డబ్బుకు కొంచెం కలిపి రెండు చక్రాలకూ కొత్త బ్రేకు షూలు వేయించాం.