వెనక చక్రానికి ఎన్ని పళ్ళు?

మీలో చాలామందికి సైకిలు తొక్కడం వచ్చి ఉంటుంది. ఎత్తు దారిలో కాళ్ళు బరువెక్కి, చివరకు సైకిలు దిగి నడిపించుకుంటూ పోయిన అనుభవం కూడా ఉండే ఉంటుంది. నాకు ఆ అనుభవం 63వ ఏట మళ్ళీ కలిగింది. దాని మూలంగా, ముప్పై ఏళ్ళ కిందట నేను ఒక కుర్రవాడికి పడిన బాకీ కూడా గుర్తుకు వచ్చింది. ఆ సంగతి చెబుతాను, వినండి.

మాది మదనపల్లె. ఊరికి కొంత దూరంలో హార్సిలీ కొండ ఉన్నది. దాని ఎత్తు సముద్ర మట్టానికి నాలుగు వేల అడుగులకు పైమాటే. కింద ఎండలు మండిపోతున్నా పైన చల్లగా ఉంటుంది. ఏడో తరగతి చదివే నా మనవరాలికి ఒక కోరిక పుట్టింది. "తాతా, మనిద్దరం సైకిళ్ళ మీద కొండ ఎక్కుదామా?" అని అడిగింది.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ సైకిలు మీదనే బడికి పోయినవాణ్ణి. సరే అన్నాను. మా అబ్బాయి వదిలి వెళ్ళిన కొండ సైకిలు ఇంట్లోనే ఉన్నది. ఒక ఆదివారం తెల్లవారగానే ఇద్దరం తలకు హెల్మెట్లు పెట్టుకుని బయలుదేరాం. ఘాట్ రోడ్డులో సగం దూరం పోయేసరికి నా కుడి మోకాలు పట్టేసింది. దిగి నడవసాగాను. మనవరాలు కూడా దిగి, మాట్లాడకుండా నా పక్కనే నడిచింది. ఇంటికి తిరిగి వచ్చాక, "నువ్వు ఇంక రావద్దులే తాతా! మోకాలు పాడవుతుంది" అన్నది.

అది ప్రేమతోనే అన్న మాట. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు సైకిలును తలకిందులుగా నిలిపి, దాని పళ్ళు లెక్కపెట్టాను.

సైకిలుకు పెడళ్ళ దగ్గర ఒక పళ్ళ చక్రం ఉంటుంది. దానిని పెడలు చక్రం అందాం. దాని మీది నుంచి చెయిను వెనక్కు పోయి, వెనక చక్రపు ఇరుసు దగ్గర ఉన్న మరొక పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది. మామూలు సైకిలుకు వెనక ఒకే పళ్ళ చక్రం. కొండ సైకిలుకు మాత్రం చిన్నవీ పెద్దవీ ఒకదాని పక్కన ఒకటి దొంతరగా ఉంటాయి. ఆ దొంతరనే క్యాసెట్ అంటారు. చెయినును ఒక పళ్ళ చక్రం మీది నుంచి మరొక దాని మీదికి జరిపే చేతి వంటి పరికరం పేరు డిరైలర్.

నా సైకిలు పెడలు చక్రానికి 32 పళ్ళు. వెనక తొమ్మిది చక్రాలు. అన్నిటికంటే చిన్నదానికి 11 పళ్ళు, పెద్దదానికి 36. పెడలు ఒక చుట్టు తిరిగితే చెయిను 32 పళ్ళ మేర కదులుతుంది. చెయిను 36 పళ్ళ చక్రం మీద ఉంటే, సైకిలు చక్రం పూర్తిగా ఒక చుట్టు కూడా తిరగదు. 36లో 32 వంతులే తిరుగుతుంది. నా సైకిలు చక్రం చుట్టుకొలత సుమారు 215 సెంటీమీటర్లు. అంటే పెడలు ఒకసారి తిరిగితే సైకిలు 191 సెంటీమీటర్లు పోతుంది. ఆ లెక్కన కిలోమీటరు పోవడానికి పెడలును సుమారు 523 సార్లు తిప్పాలి.

36 పళ్ళకు బదులు 42 ఉంటే? అప్పుడు ఒక చుట్టుకు 164 సెంటీమీటర్లే పోతుంది. కిలోమీటరుకు సుమారు 610 చుట్లు కావాలి. కాని ప్రతి తొక్కుకూ వేసే బలం ఏడు పాళ్ళలో ఒక పాలు తగ్గుతుంది. కొండ ఎక్కే పని మొత్తం మీద తగ్గదు సుమా! పెద్ద మూటను ఒక్కసారిగా మోయకుండా చిన్న మూటలు చేసి ఎక్కువసార్లు మోసినట్టు అన్నమాట. నా మోకాలికి కావలసింది సరిగా ఇదే.

ఈ సౌకర్యం పూర్వం లేదు. ఫ్రాన్సులో 1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్ అనే గొప్ప సైకిలు పందెంలో 1937 దాకా డిరైలర్లను అనుమతించలేదు. పందెగాళ్ళు కొండ మొదట్లో సైకిలు దిగి, వెనక చక్రాన్ని ఊడదీసి, తిప్పి బిగించుకునేవారు. దానికి రెండు వైపులా రెండు వేర్వేరు పళ్ళ చక్రాలుండేవి. ఇప్పుడో, 2012లో ఒక అమెరికా కంపెనీ 10 నుంచి 42 పళ్ళ దాకా ఉన్న క్యాసెట్ తెచ్చింది. 2016లో అదే కంపెనీ 50 పళ్ళ దాకా పోయింది.

ఇదంతా చదివి, "పెద్దది అయితే ఇంకా మంచిదే గదా!" అనుకున్నాను. 46 పళ్ళ క్యాసెట్ తెప్పించి, సైకిలు బాగుచేసే అంగడికి తీసుకుపోయాను. ఆ అంగడి అతను నా దగ్గర తొమ్మిదో తరగతి చదివినవాడే. చూసి నవ్వాడు.

"సార్, డిరైలర్‌ను అడగకుండా కొన్నారే!" అన్నాడు.

తరవాత క్యాసెట్ ఎక్కించి, పెడలును చేత్తో మెల్లగా తిప్పి చూపించాడు. తీరా చూస్తే, 46 పళ్ళ చక్రం మీదికి పోయేసరికి చెయిను పొడవు చాలక వింటినారి లాగా బిగుసుకున్నది. డిరైలర్ ముందుకు సాగింది. దాని పై కప్పీ పళ్ళకు రాసుకుని గరగరమన్నది. "దీనికి 36 పళ్ళ దాకానే చెప్పారు సార్. ఇట్లాగే కొండ ఎక్కి బలంగా తొక్కితే ఇది విరిగి చువ్వల్లో పడుతుంది" అన్నాడు.

ఆ తరవాత ఎట్లా ఎంచుకోవాలో నాకు పాఠం చెప్పాడు. మొదట, కొండకు ఎంత తేలిక కావాలో చూసుకోవాలి. రెండవది, డిరైలర్ ఎన్ని పళ్ళ దాకా భరిస్తుందో చూడాలి. చాలకపోతే దాన్నీ మార్చాలి, చెయినునూ పొడిగించాలి. మూడవది, చక్రాల సంఖ్య పెంచకుండా పెద్ద చక్రాన్ని మాత్రం పెంచితే మధ్య మెట్ల ఎత్తు పెరుగుతుంది; గేరు మార్చినప్పుడల్లా కాళ్ళకు కుదుపు తెలుస్తుంది. నాలుగవది, క్యాసెట్ తొడిగే హబ్బు. నా సైకిలు హబ్బు మీద 11 పళ్ళకంటే చిన్న చక్రం కూర్చోదు. 10 పళ్ళది కావాలంటే హబ్బు ఆకారమే వేరు.

చివరకు ఇద్దరం కలిసి తేల్చినది ఇది: 11, 13, 15, 18, 21, 24, 28, 34, 42. మెట్లు మరీ ఎత్తు కావు, మోకాలికి 42 చాలు. దానికి తగిన డిరైలర్ వేశాడు, చెయిను మార్చాడు.

అతను పని చేస్తూ ఉండగా నాకు పాత సంగతి గుర్తుకు వచ్చింది. ఒకనాడు నేను నిష్పత్తుల పాఠం చెబుతూ ఉంటే ఇతనే లేచి, "ఇవి దేనికి పనికి వస్తాయి సార్?" అని అడిగాడు. "పరీక్షకు పనికి వస్తాయి" అని కసిరి, గంట కొట్టేదాకా బెంచీ ఎక్కించాను. నాకు జవాబు తెలియక కాదు. పాఠం ఆగిపోతుందని కోపం వచ్చింది. ఆ సంగతి చెప్పి, "నీకు గుర్తుందా?" అని అడిగాను.

అతను చేతులు తుడుచుకుంటూ, "బెంచీ గుర్తుంది సార్. ప్రశ్న మరిచిపోయాను" అన్నాడు.

నేను తల వంచుకున్నాను. ఆ రోజు అతనికి సైకిలును చూపించి ఉంటే ఐదు నిమిషాలలో జవాబు దొరికేది. "తప్పు నాదేనయ్యా" అన్నాను. అతను ఏమీ అనలేదు; నా సైకిలు చక్రాన్ని మరొక్కసారి తిప్పి చూసి, చెయినుకు చుక్క నూనె వేశాడు.

మరుసటి ఆదివారం మేమిద్దరం మళ్ళీ కొండకు పోయాం. 42 పళ్ళ మీద నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకు ఆరు కిలోమీటర్లు కూడా దాటదు. నడిచేవాడికంటే కాస్త నయం, అంతే. మనవరాలు ప్రతి మలుపులోనూ ఆగి నా కోసం చూసింది. మూడుచోట్ల కూర్చుని నీళ్ళు తాగాను. కాని ఒక్క అడుగు కూడా సైకిలును నడిపించలేదు. పైన చెట్ల నీడకు చేరగానే మనవరాలు, "మోకాలు ఎట్లా ఉంది తాతా?" అని అడిగింది. "రేపు చెబుతాను" అన్నాను. మర్నాడు మోకాలు బాగానే ఉన్నది.

పిల్లలూ! ఇవాళ మీ సైకిలు పళ్ళు మీరూ లెక్కపెట్టి చూడండి. పెడలు చక్రపు పళ్ళను వెనక చక్రపు పళ్ళతో భాగించండి. నా పాత సైకిలుకు ముందు 44, వెనక 18. అంటే పెడలు ఒక చుట్టుకు చక్రం దాదాపు రెండున్నర చుట్లు. అది సమతలం మీద బాగా పోయేది, వంతెన ఎక్కాలంటే మాత్రం ఆయాసపడేది. ఎందుకో మీరే చెప్పగలరు.

లెక్క అర్థం కాకపోతే మీ మాస్టారిని అడగండి. ఇది దేనికి పనికి వస్తుందని కూడా అడగండి. ఆయన కసిరినా సరే, ఆ ప్రశ్నను మాత్రం మరిచిపోకండి.