ఆటలేని రోజుల్లో గ్రీన్ బే

ఎనభై ఒక్క వేల నాలుగు వందల నలభై ఒక్క సీట్లు. ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. కింద పచ్చిక మీద దీపాల బండ్లు, పైన బూడిదరంగు ఆకాశం, చెవులు కోసేసే చలిగాలి. 2024 మార్చిలో ఓ శనివారం నేను లాంబో ఫీల్డ్ చూసింది అలాగే!

‘మ్యాచ్ లేనప్పుడు స్టేడియానికి వెళ్లడమేంటండీ, పెళ్లయిపోయాక పందిరి చూడటానికి వెళ్లినట్టు’ అంది మా ఆవిడ. అమ్మాయి రెండో కాన్పుకని అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానికి వెళ్లాం. వాళ్లుండేది యాపిల్‌టన్. అక్కణ్నుంచి గ్రీన్ బే కారులో అరగంట. పుట్టింది మనవరాలు. ఇల్లంతా నిద్రలేని రాత్రులు. ఆ గొడవలోంచి రెండు గంటలు బయటపడదామని అల్లుడు నన్ను బయల్దేరదీశాడు.

‘మావయ్యగారూ, అసలైన ఆట ఇప్పుడే జరుగుతోంది. మీరు బ్యాంకులో పనిచేశారుగా, మీకే బాగా అర్థమవుతుంది’ అన్నాడు. నిజమే. ఆ రోజు నేను చూసింది ఆటస్థలాన్ని కాదు, ఓ పెద్ద ఖాతా పుస్తకాన్ని!

గుడివాడంత ఊరు

అమెరికన్ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని, అడ్డొచ్చినవాళ్లను గుద్దుకుంటూ పరిగెత్తే ఆట. అందులో అతిపెద్ద పోటీ ఎన్‌ఎఫ్‌ఎల్. ముప్ఫై రెండు జట్లు. న్యూయార్క్, షికాగో, డాలస్, లాస్‌ఏంజెలిస్... అన్నీ మహానగరాలే. వాటి మధ్యలో గ్రీన్ బే! జనాభా లక్షా ఏడు వేలు. మా గుడివాడకన్నా కాస్త చిన్నదే. ఫాక్స్ నది మిషిగన్ సరస్సు పాయలో కలిసేచోట, కాగితం మిల్లుల చుట్టూ పెరిగిన ఊరు. స్టేడియం కూడా మామూలు ఇళ్ల వరసలను ఆనుకునే ఉంటుంది. మ్యాచ్ రోజున ఆ ఇళ్లవాళ్లు తమ పెరళ్లనూ లాన్లనూ కార్లు నిలుపుకోవడానికి అద్దెకిస్తారట. ఊళ్లో నలుగురుంటే స్టేడియంలో ముగ్గురికి సీటుందన్నమాట. అయినా సీజన్ టికెట్ల కోసం లక్షమందికి పైగా వరసలో ఉన్నారు. పుట్టిన బిడ్డ పేరు ఆ జాబితాలో రాయించేవాళ్లూ ఉన్నారని అల్లుడు చెబితే, మా మనవరాలు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

జట్టు పేరు ప్యాకర్స్. 1919లో కర్లీ లాంబో అనే కుర్రాడు తాను పనిచేసే మాంసం డబ్బాల కంపెనీని అడిగి, బట్టల కోసం అయిదువందల డాలర్లు తెచ్చుకున్నాడు. ఆ కంపెనీ పేరులోని ‘ప్యాకింగ్’ నుంచే జట్టుకి పేరొచ్చింది. కంపెనీ ఎప్పుడో పోయింది, పేరు నిలిచింది.

యజమానులు అయిదు లక్షల మంది

మిగతా జట్లకు కోటీశ్వరులు యజమానులు. దీనికి మాత్రం జనమే. 1923లో డబ్బు కటకటలాడితే ఊరివాళ్లు అయిదేసి డాలర్లకు వాటాలు కొన్నారు. 1935లో, 1950లో, 1997లో, 2011లో, 2021లో మళ్లీ అమ్మారు. ఇప్పుడు వాటాదారులు అయిదు లక్షల ముప్ఫై వేలకు పైనే. చివరి విడతలో మా అల్లుడూ ఒకటి కొన్నాడు, మూడు వందల డాలర్లకి. ఆ పత్రం వాళ్ల హాల్లో, వేంకటేశ్వరస్వామి పటానికి ఎదురుగా గోడమీద ఉంది.

‘డివిడెండ్ ఎంతొస్తుంది బాబూ?’ అనడిగాను.

‘రాదండీ.’

‘పోనీ, ధర పెరిగాక అమ్ముకోవచ్చా?’

‘కుదరదండీ. మ్యాచ్‌కి టికెట్ కూడా ఇవ్వరు.’

ఇరవై రెండు వేల రూపాయలకు పైగా పోసి కాగితం కొన్నాడని మా ఆవిడ ఇప్పటికీ నొచ్చుకుంటూనే ఉంది. కానీ ఆ కాగితాల వల్లే జట్టు ఊరు దాటిపోలేదు. ఎవరూ రెండు లక్షల వాటాలకు మించి ఉంచుకోకూడదు. రేపు జట్టును అమ్మేసినా ఆ సొమ్ము వాటాదారులకు రాదు, ధర్మకార్యాలు చేసే ఫౌండేషన్‌కి వెళుతుంది. లాభం రాదంటే ఇక అమ్మాలని ఎవరికుంటుంది? మన ఊళ్లలో గుడి మాన్యం ఎవరి సొంతమూ కాకుండా ఎలా రాసిపెట్టారో, ఇదీ అలాంటిదే.

అందరికీ ఒకే పర్సు

అయినా నాదో సందేహం. వాటాలమ్మితే వచ్చే డబ్బు మరమ్మతులకో, కొత్త కట్టడాలకో సరిపోతుంది. గొప్ప ఆటగాళ్లను కొనడానికి న్యూయార్క్‌తో గుడివాడంత ఊరు పోటీపడటం ఎలా?

దీనికి రెండు కట్టుబాట్లున్నాయి. ఒకటి, టీవీ హక్కుల డబ్బు. 1960ల నుంచీ దాన్ని జట్లన్నీ సమానంగా పంచుకుంటున్నాయి. మిగతా జట్ల యజమానులు తమ లెక్కలు బయటపెట్టరు. గ్రీన్ బే మాత్రం ఏటా వాటాదారులకు లెక్కచెప్పాలి. 2025 జులైలో చెప్పిన లెక్క ప్రకారం జాతీయ ఆదాయంలో దాని వాటా 43 కోట్ల డాలర్ల పైమాటే. మిగతా ముప్ఫై ఒక్క జట్ల వాటా ఎంతో లోకానికి తెలిసేదీ ఈ చిన్న ఊరి పద్దులోంచే!

రెండోది, జీతాల గరిష్ఠ పరిమితి. శాలరీ క్యాప్ అంటారు. ఐపీఎల్ వేలంలో పర్సు తెలుసుగా! 2025 సీజన్‌కి ఒక్కో జట్టుకి 120 కోట్ల రూపాయలన్నారు. సన్‌రైజర్స్ హైదరాబాద్ అయిదుగురిని అట్టిపెట్టుకోవడానికే 75 కోట్లు ఖర్చుపెట్టి, మిగిలిన 45 కోట్లతో వేలానికి వెళ్లింది. ఇదీ అంతే. 1994లో మొదలైనప్పుడు ఈ పరిమితి జట్టుకి 3.46 కోట్ల డాలర్లు. నేను వెళ్లిన 2024లో 25.54 కోట్లు. మన డబ్బులో రెండు వేల కోట్ల రూపాయలు దాటింది. డాలస్ యజమాని దగ్గర ఎన్ని వేల కోట్లున్నా అంతకుమించి ఖాతాలో రాయడానికి వీల్లేదు.

గేదె చచ్చినా వాయిదా ఆగదు

బ్యాంకు బుర్ర కదా, అక్కణ్నుంచి నాకు ఆసక్తి పెరిగింది. దారిలో అల్లుడు చెప్పిన లెక్క ఇదీ.

ఆటగాడికి సంతకం పెట్టగానే కోటి డాలర్ల బోనస్ ఇచ్చారనుకుందాం. డబ్బు అతనికి చేరిపోతుంది. ఖాతాలో మాత్రం ఏడాదికి ఇరవై లక్షల చొప్పున అయిదేళ్లు రాసుకోవచ్చు. ఈ ఏడాది పర్సులో చోటు మిగులుతుంది, ఇంకొకర్ని తెచ్చుకోవచ్చు. బాగుంది కదా! మరి రెండేళ్లకే అతన్ని పంపించేస్తే? రాయాల్సిన అరవై లక్షలూ ఒక్కసారిగా ఆ ఏడాది నెత్తిమీద పడతాయి. జూన్ 1 దాటాక పంపితే ఇరవై లక్షలు ఈ ఏడాదికి, మిగతా నలభై వచ్చే ఏడాదికి. దీన్ని ‘డెడ్ మనీ’ అంటారు. మా బ్యాంకులో పాడిగేదెల రుణాలిచ్చేవాళ్లం. గేదె పోయినా వాయిదా మాత్రం కట్టాల్సిందే. పాలు లేవు, అప్పు ఉంది. డెడ్ మనీ అంటే అదే!

గ్రీన్ బేకి ఇది బాగా అనుభవమే. పద్దెనిమిదేళ్లు ఆడిన ఆరన్ రోడ్జర్స్‌ని 2023 ఏప్రిల్‌లో న్యూయార్క్ జెట్స్‌కి ఇచ్చేశారు. మనిషి వెళ్లిపోయాడు. ఆ ఏడాది అతని పేరుమీద 4.03 కోట్ల డాలర్లు గ్రీన్ బే ఖాతాలోనే ఉండిపోయాయి. పరిమితిలో దాదాపు అయిదోవంతు! అంత బరువు నెత్తినుంటే పేరున్నవాళ్లను కొనలేరు. అందుకని తక్కువ జీతానికి నాలుగేళ్ల ఒప్పందంతో వచ్చే కుర్రాళ్ల మీదే ఆధారపడ్డారు. చిత్రంగా ఆ కుర్రాళ్లే 2024 జనవరిలో డాలస్‌కి వెళ్లి, డాలస్‌ని 48-32తో ఓడించి వచ్చారు.

ఏటా జరిగే తంతు ఇదీ... మార్చిలో ఒప్పందం ముగిసినవాళ్లు బయటి సంతలోకి వెళతారు. ఏప్రిల్‌లో కాలేజీ కుర్రాళ్ల ఎంపిక. వేసవిలో ఒక్కో జట్టులో తొంభై మంది దాకా ఉంటారు. వాళ్లలో పెద్ద జీతాలున్న యాభై ఒక్క మందినే అప్పటికి లెక్కలోకి తీసుకుంటారు. ఆగస్టు చివరికి జట్టు యాభై మూడుకి తగ్గాలి. మిగిలినవాళ్లలో పదహారు పదిహేడు మందిని సాధన బృందంలో ఉంచుకుంటారు. తక్కినవాళ్లు పెట్టె సర్దుకోవాల్సిందే.

గడ్డిలో దొరికిన లాకెట్

స్టేడియం చూపించడానికి ఓ పెద్దావిడ వచ్చారు. డెబ్భై ఏళ్లుంటాయి. ఆటగాళ్లు బయటికొచ్చే సొరంగం గుండా మమ్మల్ని తీసుకెళ్లి పచ్చిక అంచున నిలబెట్టారు. గడ్డి మీద కాలు పెట్టకూడదని చేతులు జోడించినంత పనిచేశారు.

అయిదు రోజుల ముందు, మార్చి 11న, ఈ ఊరికి ఓ వార్త తెలిసింది. ఆరన్ జోన్స్‌ని వదిలేస్తున్నారు. 2017లో అయిదో విడతలో ఎంపికై వచ్చిన కుర్రాడు. ఏడేళ్లు ఇక్కడే. జట్టుకి పర్సు ఇరుకుగా ఉందంటే 2023లో తన జీతంలో యాభై లక్షల డాలర్లు తగ్గించుకున్నాడు. డాలస్‌ని ఓడించిన మ్యాచ్‌లో మూడు టచ్‌డౌన్లు అతనివే. అది జరిగి రెండు నెలలు కూడా కాలేదు. కానీ వయసు 29. బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లకు అది పెద్ద వయసే. పైగా గాయాలు. అతని స్థానంలో జాష్ జేకబ్స్‌ని నాలుగేళ్లకు 4.8 కోట్ల డాలర్లతో తెచ్చారు. జోన్స్ పేరున కోటీ ఇరవై లక్షలకు పైగా డెడ్ మనీ మిగిలింది. అయినా లెక్క అదే మేలంది. మర్నాడే అతను పక్క రాష్ట్రంలోని బద్ధ ప్రత్యర్థి, మినసోటా వైకింగ్స్‌తో ఒప్పందం చేసుకున్నాడు.

ఆ పేరెత్తగానే గైడుగారి ముఖం మారిపోయింది. మైదానం చివరి గళ్లవైపు చూపించి ఒక సంగతి చెప్పారు. 2021 ఏప్రిల్‌లో జోన్స్ తండ్రి చనిపోయారు. ఆయన చితాభస్మం ఉంచిన చిన్న లాకెట్‌ని జోన్స్ మెళ్లో వేసుకుని ఆడేవాడు. ఆ సెప్టెంబరు 20 రాత్రి ఇక్కడే నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. రెండోదో మూడోదో చేసే తొందరలో లాకెట్ తెగి గడ్డిలో పడిపోయింది. మ్యాచ్ అయిపోయి జనమంతా వెళ్లిపోయాక, జట్టు ట్రైనర్ దీపం పెట్టి వెతికినట్టు వెతికి, అర్ధరాత్రి ఒంటిగంటా నలభై అయిదుకి దాన్ని పట్టుకున్నాడు. తర్వాత లాకెట్ పోకుండా అతని జెర్సీలో ఓ చిన్న జేబు కుట్టించారు.

‘ఆ జేబున్న జెర్సీ ఇప్పుడు మాది కాదు’ అన్నారావిడ. అని, వెంటనే ‘జేకబ్స్ కూడా మంచి ఆటగాడేలెండి’ అని సర్దుకున్నారు. ఆవిడా వాటాదారే. లెక్క తప్పిందని అనలేరు, మనసు ఊరుకోదు.

నాకు 2001 గుర్తొచ్చింది. బ్యాంకుల్లో వీఆర్‌ఎస్ పెట్టిన రోజులు. నలభై ఏడేళ్లకే కాగితం మీద సంతకం చేసి ఇంటికొచ్చేశాను. బ్యాంకు లెక్క బ్యాంకుది. ఆ లెక్కలు నేనే ఎన్నోసార్లు వేసినవాణ్ని కాబట్టి, తప్పనీ అనలేకపోయాను. కానీ మర్నాడు ఉదయం పది గంటలకు ఎటు వెళ్లాలో తెలియక గుడివాడ బస్టాండు దాకా నడిచి వెనక్కొచ్చాను. అంకె ఒప్పే కావచ్చు. దాని వెనకున్న మనిషికి మాత్రం ఓ పదిగంటల వేళ ఉంటుంది.

మళ్లీ మొదలు

బయటికొచ్చి వేడివేడిగా వేయించిన చీజ్ ముక్కలు తిన్నాం. ఇక్కడివాళ్లకు అవి మన మిరపకాయ బజ్జీల్లాంటివి. జున్నుముక్క ఆకారం టోపీలు పెట్టుకున్న పిల్లలు విన్స్ లొంబార్డి విగ్రహం పక్కన ఫొటోలు దిగుతున్నారు. 1960లలో ఈ ఊరిని అయిదుసార్లు విజేతగా నిలిపిన కోచ్ ఆయన. సూపర్ బౌల్ ట్రోఫీకి ఆయన పేరే పెట్టారు. వేసవి శిబిరంలో ఆటగాళ్లు ఈ ఊరి పిల్లల సైకిళ్లు తొక్కుకుంటూ సాధనకు వెళతారట. ఆరడుగుల భారీ మనిషి బుల్లి సైకిల్ మీద, పక్కన హెల్మెట్ మోసుకుంటూ సైకిలాసామి. ఆగస్టు చివరి కోతలో ఆ ఆటగాడి పేరు గల్లంతైతే ఆ పిల్లాడికి ఏం చెబుతారో!

మేం తిరిగొచ్చాక, ఆ జులైలో కుర్ర క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ లవ్‌కి నాలుగేళ్లకు 22 కోట్ల డాలర్లు రాసిచ్చారు. 2025 ఆగస్టులో మైకా పార్సన్స్ కోసం తొమ్మిదేళ్లుగా ఉన్న కెనీ క్లార్క్‌ని డాలస్‌కి పంపేశారు. పర్సు మళ్లీ బిగుసుకుంటోందని అల్లుడు ఫోన్‌లో చెబుతుంటాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. 2024 సెప్టెంబరు 29న జోన్స్ వైకింగ్స్ ఊదారంగు జెర్సీలో లాంబో ఫీల్డ్‌కి వచ్చాడు. వైకింగ్స్ 31-29తో గెలిచారు. ‘బాధగా ఉందా బాబూ?’ అనడిగాను.

‘ఓడిపోయినందుకు ఉందండీ. అతను బాగా ఆడినందుకు లేదు’ అన్నాడు.

పైసా డివిడెండ్ రాని వాటా ఎందుకు కొన్నాడో అప్పుడర్థమైంది. మా ఆవిడకు చెప్పాను. ‘సర్లెండి, ఆ పటానికి దుమ్ము దులపమనండి’ అంది.