దక్షిణం హద్దు: తురకల శ్మశానం

హద్దు మా మాట. హక్కూ మా మాటే. దావా, వకీలు, వాయిదా, దాఖలు, నకలు, రాజీ, వారసుడు, తహసీల్దారు - కోర్టు గుమ్మం తొక్కిన ఏ తెలుగువాడూ ఈ మాటలు లేకుండా నోరు విప్పలేడు. అరబ్బీ, ఫారసీల్లోంచి వచ్చి తెలుగు నేలలో ఇంకిపోయిన మాటలివి. రైతు అన్న మాట పుట్టుకా అక్కడిదే. వీటిని ఎప్పుడొచ్చారని ఎవరూ అడగరు. పట్టా చూపించమనరు. అడిగేది మమ్మల్నే.

మేం అనకాపల్లి దగ్గరి సాయిబులం. ఇంట్లో ఉర్దూ, గుమ్మం దాటితే 'ఏటి, ఎందుకేటి' అనే తెలుగు. మార్కెట్లో బెల్లం దిమ్మలు మోసినవాళ్ళం, మిషను కుట్టినవాళ్ళం, గొర్రెలు కోసినవాళ్ళం. సెంటు పొలం లేనివాళ్ళమే ఎక్కువ. ఊరందరిదీ కలిపి మాకున్న భూమి ఒక్కటే, ఖబరస్తాన్. ఎకరానికి కాస్త పైన. చుట్టూ చింతచెట్లు, ఓ పక్క చెరకుతోట. మా తాతల తాతలు అందులోనే పడుకున్నారు.

భూముల ధరలు పెరిగాక ఆ చెరకుతోట గట్టు నడవడం మొదలుపెట్టింది. ఏడాదికి ఓ బార చొప్పున మా వైపు నడిచింది. ఒక చింతచెట్టు పోయింది. హద్దురాయి పోయింది. అడిగితే, 'కాయితం ఉంటే చూపించండి సాయిబు గారూ' అన్నారు. 1992లో మా పెద్దలు చందాలేసుకుని దావా వేశారు.

కోర్టు పంపిన కమిషనర్ సర్వేయరుతో వచ్చాడు. గొలుసు లాగారు. కొలతల పుస్తకం తిప్పారు. తగువు పడ్డ జాగాలో పైకి కనిపించే గోరీలు నాలుగో ఐదో. 'మిగతాది ఖాళీ జాగా' అని అవతలి వకీలు రాయించబోయాడు. ఖాళీయా? మాలో బీదవాళ్ళవన్నీ కచ్చా గోరీలే. సిమెంటు కట్టకూడదని మతమూ చెబుతుంది, కట్టే డబ్బు మా దగ్గరా లేదు. మట్టి కుప్పపోసి తల దగ్గర ఓ రాయి పెడతాం. నాలుగు వానలకి కుప్ప నేలమట్టం అవుతుంది. మట్టిలో కలిసిపోవడమే మా ఆచారం. కలిసిపోవడమే మాకు వ్యతిరేక సాక్ష్యం అయింది.

కింది కోర్టులో ఓడిపోయాం. మా పేర దస్తావేజు లేదు. ఎలా ఉంటుంది? ఎవడో అమ్మితే కొన్న జాగా కాదది. శవాలు పెట్టుకుంటూ పెట్టుకుంటూ పోతే ఖబరస్తాన్ అయిన జాగా. దీన్నే చట్టం 'వాడకం వల్ల వక్ఫ్' అంది.

అప్పీలుకి వెళ్ళాం. మొదటి అప్పీలులో సాక్ష్యం అంతా మళ్ళీ చూడొచ్చు. అప్పుడు మా వకీలు మా పెట్టె మూసి, అవతలివాళ్ళ పెట్టె తెరిపించాడు. వాళ్ళ తాత పొలం కొన్న రిజిస్టరు దస్తావేజు బయటికొచ్చింది. అందులో నాలుగు హద్దులూ రాసున్నాయి. దక్షిణం: తురకల శ్మశానం, చింతచెట్ల వరుస. విస్తీర్ణానికీ హద్దులకీ తేడా వస్తే మామూలుగా హద్దులకే విలువెక్కువని కోర్టులు ఎప్పట్నుంచో చెబుతున్నాయి. గెలిచాం.

ఆ రోజు నుంచీ మమ్మల్ని ఒక ఆలోచన వదలడం లేదు. మా కాగితాల్లో మేం లేం. ఇతరుల కాగితాల్లో మాత్రం ఉన్నాం. మసీదుకి తూర్పు, పీర్ల చావిడికి ఉత్తరం, సాయిబుల వీధికి పడమర. ఈ దేశంలో మా ఉనికికి రుజువు పక్కవాడి దస్తావేజు! ఆయన మమ్మల్ని హద్దుగా రాసుకున్నన్నాళ్ళూ మేం ఉన్నట్టు. ఆయన ఆ హద్దు తుడిపేస్తే మేం ఆక్రమణదారులం.

వాళ్ళు రెండో అప్పీలు వేశారు. అందులో గొలుసులూ చింతచెట్లూ రావు, చట్టానికి సంబంధించిన గట్టి ప్రశ్న ఉంటేనే వింటారు. హైదరాబాదు తిరిగాం. 2019 జనవరి 1 నుంచి హైకోర్టు అమరావతి వచ్చింది, ఇప్పుడు అటు తిరుగుతున్నాం. ఈలోగా యథాతథ స్థితి అన్నారు. అంటే తగువు పడ్డ జాగాలో కొత్త గోరీ తవ్వకూడదు. బతికున్నవాళ్ళం ఆగగలం, చచ్చిపోయేవాళ్ళు వాయిదా అడుగుతారా? పాత గోరీల మధ్య సందులు వెతుక్కుని పెడుతున్నాం.

మాది ఎకరం గొడవ. మణికొండ చూడండి. హుసేన్ షా వలీ దర్గాకి 1989 గెజెట్లో 5506 చదరపు గజాలు చూపించారు. 2006లో సవరణ గెజెట్ వేసి 1654 ఎకరాల 32 గుంటలన్నారు. 2012లో హైకోర్టు వక్ఫ్ బోర్డు వైపు చెప్పింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి, భూమి ప్రభుత్వానిదంది. మొదటి గెజెట్ నాడే హద్దులు సరిగ్గా రాయించుకోకపోతే ఏమవుతుందో దాన్నిబట్టి తెలుసుకోవాలి.

తప్పంతా బయటివాళ్ళదే అనం. ఇనాములు రద్దయినప్పుడు దర్గా మాన్యాల్ని సొంత పేర్లకి పట్టాలు చేయించుకున్నవాళ్ళు మాలోనే ఉన్నారు. 1998లో సయ్యద్ అలీ కేసులో సుప్రీంకోర్టు, పట్టా ఇచ్చినంత మాత్రాన వక్ఫ్ పోదని, ఒకసారి వక్ఫ్ అయితే ఎప్పటికీ వక్ఫేనని చెప్పాల్సి వచ్చింది. దేవుడి పేరు చెప్పి తిన్న చేతుల్నీ లెక్క అడగాల్సిందే.

2025 ఏప్రిల్లో చట్టం మారింది. ఇకముందు వాడకం వల్ల వక్ఫ్ ఏర్పడదు. పాతవి రిజిస్టరై ఉంటే ఉంటాయి, కానీ తగువులో ఉన్నవాటికీ ప్రభుత్వ భూములకీ ఆ రక్షణ లేదు. తగువు పెట్టడం ఎంతసేపు? గట్టు నాలుగు బారలు జరిపితే చాలు. వక్ఫ్ ఆస్తి తిరిగి రాబట్టుకోవడానికి గడువు లేదన్న 107వ సెక్షన్ కూడా తీసేశారు. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు కొన్ని సెక్షన్ల అమలు ఆపింది, చట్టం మొత్తాన్ని ఆపలేదు. వివరాలన్నీ 'ఉమీద్' పోర్టల్లో ఎక్కించమన్నారు. ఉమీద్ అంటే ఆశ. ఆ మాటా మాదే.

మేం అడిగేది ఎవరి చెరకుతోటా కాదు. మా చచ్చినవాళ్ళకి ఆరడుగులు. తురకల శ్మశానం అని తన చేత్తో రాయించుకున్న ఆ రైతు మాకు ఏ చుట్టమూ కాదు. పక్కన ఎవరున్నారో నిజం రాయించాడు, అంతే. ఆయన మనవలు మమ్మల్ని ప్రేమించక్కర్లేదు. తాత రాయించిన మాట మీద నిలబడితే చాలు.