నాలుగు వారాలకొక ప్రయాణం

నాలుగు వారాలకొకసారి మంథని నుండి మా అబ్బాయితో హైదరాబాదు బస్సెక్కుతాను. వాడి ఒంట్లో ప్రతిరక్షకాలు తయారుకావు. బ్రూటన్ అనే అమెరికా వైద్యుడు 1952లో తొలిసారి వర్ణించిన లోపమిది. వేలమంది దాతల ప్లాస్మా నుండి తీసిన ఇమ్యునోగ్లోబులిన్‌ను గంటల తరబడి నరంలోకి ఎక్కిస్తారు.

మొదటిసారి "ఏం గాదు బిడ్డా, నొయ్యదు" అన్నాను. సూది గుచ్చగానే వాడు నావైపు చూసిన చూపు నేటికీ మరువలేను. ఆనాటి నుండి అబద్ధమాడడం మానేశాను. "నొస్తది, పది లెక్కవెట్టేలోపు తగ్గుతది" అంటాను. ఏ చేతికి గుచ్చాలో వాడే చెబుతాడు.

మొన్న సీసా వంక చూస్తూ అడిగాడు, "బాపూ, ఇండ్ల మనూరోళ్ళు గూడ ఉన్నరా?"

"ఉండొచ్చు బిడ్డా."

ఊళ్ళో బస్సు దిగాక ఎదురైన ప్రతివారికీ నమస్కారం పెట్టసాగాడు. ఎందుకురా అంటే, "ఎవరో తెల్వది గదా" అన్నాడు.